ఘాట్ ఊళ్ళకి లోడ్ పికప్: ఫోర్ బై ఫోర్ కావాలా, వెనక లాకర్ సరిపోద్దా?

పొట్టంగి అల్లం:
అన్నలూ ఒక మాట చెప్పండి. మాది పొట్టంగి పైన, కొండ ఊళ్ళ నుంచి అల్లం బస్తాలు ఎత్తి కుందులి సంతకో, కిందకి సాలూరుకో దింపుతాం. తారు రోడ్డు అయిపోయాక మూడు నాలుగు కిలోమీటర్లు ఎర్రమట్టి, వానలు పడితే చక్రం చారలు మోకాలు లోతు దిగిపోతాయి. సెకండ్ హ్యాండ్ పికప్ చూస్తన్నాం. మా బావ ఫోర్ బై ఫోర్ తప్ప వద్దంటాడు, పార్ట్‌నర్ ఏమో వెనక రెండు చక్రాలే లాగే టూ వీల్ డ్రైవ్ బండి తీసుకుని వెనక డిఫరెన్షియల్‌కి (రెండు చక్రాలకీ లాగుడు పంచే గేర్ల పెట్టెకి) లాకర్, అంటే రెండు చక్రాలూ కలిసే తిరిగేలా కట్టేసేది, వేయిస్తే సగం ఖర్చులో పనైపోద్ది అంటాడు. ఇద్దరికీ మాటల్లేవు ఇప్పుడు.

రాయగడ రోడ్లు:
ఇందులో ఆలోచించేదేటుంది బావు, ఫోర్ బై ఫోర్ తీసుకో. నాలుగు చక్రాలు లాగితే రెండింటికన్నా ఎక్కువే కదా. కాశీపూర్ వైపు వానాకాలం తిరిగినోడెవడైనా ఇదే చెప్తాడు.

జైపూర్ షెడ్డు:
నాలుగు చక్రాలు లాగుతాయి అన్నదే తప్పు లెక్క. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ ఏం చేస్తదంటే ఎడమకీ కుడికీ టార్క్ (తిప్పే బలం) ఎప్పుడూ సమానంగానే ఇస్తది, మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి కాబట్టి స్పీడ్‌లో తేడాని మాత్రం ఒప్పుకుంటది. ఒక చక్రం బురదలో పడి ఉత్తినే తిరుగుతుంటే దానికి అందే టార్క్ చాలా తక్కువ, అంతే టార్క్ గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అందుద్ది, అందుకే మంచి చక్రం కదలకుండా నిలబడి చూస్తా ఉంటది. ఇప్పుడు ఫోర్ బై ఫోర్ వేశావనుకో, ట్రాన్స్‌ఫర్ కేస్ ముందు షాఫ్టునీ వెనక షాఫ్టునీ కలిపి కట్టేస్తది గానీ ముందు యాక్సిల్లో ఒక ఓపెన్ డిఫరెన్షియల్, వెనక యాక్సిల్లో ఇంకోటి అలాగే ఉంటాయి. ఆ మోకాలు లోతు చారల్లో బండి ఐమూలగా ఎక్కితే ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం గాల్లోకి లేస్తాయి, ఎందుకంటే లోడ్ బండి స్ప్రింగు పట్టీలు బిగుసుగా ఉంటాయి, చక్రం కిందకి దిగదు. రెండూ గిరగిరా తిరుగుతాయి, నీ ఫోర్ బై ఫోర్ అక్కడే ఆగిపోద్ది. వెనక లాకర్ ఉన్న టూ వీల్ బండి అదే చోట నేల మీదున్న చక్రంతో లాక్కుపోయే అవకాశం ఉంది.

ఇంకోటి. లోడుతో ఎక్కేటప్పుడు బరువు వెనక యాక్సిల్ మీదకి పోద్ది, ముందు చక్రాలు తేలికైపోతాయి. అంటే ఎక్కడానికి పట్టు కావాల్సింది వెనకే. నీ పార్ట్‌నర్ మాటలో సరుకుంది.

గుణుపూర్ బావు:
మాస్టారూ ఎక్కడం బాగానే చెప్పారు, దిగడం సంగతేటి? అల్లం బస్తాలు కొండ మీద నుంచి కిందకి వస్తాయి, పైకి పోవు! పైకి ఖాళీ బండే ఎల్తాది, ఖాళీ పికప్‌కి వెనక బరువే ఉండదు, అప్పుడు ముందు చక్రాలు లాగితేనే గతి. దిగేటప్పుడు లోడు ముందుకి తోస్తాది, వెనక తేలికవుద్ది, టూ వీల్ బండిలో ఇంజిన్ బ్రేకింగంతా ఆ తేలికైన వెనక చక్రాల మీదే పడి తోక పక్కకి కొట్టేస్తాది. ఫోర్ బై ఫోర్ బండిని ఫోర్ ఎల్‌లో (నాలుగు చక్రాలకీ మెల్లగా, బలంగా తిప్పే లో రేంజ్ గేరులో) పెడితే గేరు సుమారు రెండున్నర రెట్లు తగ్గుద్ది, నాలుగు చక్రాలూ కలిసి పట్టుకుంటాయి, బ్రేకు మీద కాలు పెట్టే పనే తక్కువ. నేను డబ్బులిచ్చేది దానికి, ఎక్కడానికి కాదు.

లాకర్ గురించి ఇంకో మాట. పక్కకి వాలిన రోడ్డు మీద, ఒకవైపు కొండ ఒకవైపు లోయ, బురద. ఓపెన్ డిఫరెన్షియల్‌లో ఒక చక్రం జారినా రెండోది తిరక్కుండా పక్కకి పట్టుకుని ఉంటాది. లాక్ పడిందంటే రెండూ ఒకేసారి తిరుగుతాయి, వెనక మొత్తం లోయ వైపు జారుతాది. దీని గురించి లాకర్ అమ్మేవోళ్ళు ఒక్కరూ నోరెత్తరు.

జైపూర్ షెడ్డు:
పక్కవాలు సంగతి నిజం, కాదనను. అందుకే స్విచ్ ఉన్న లాకర్ మేలు, అవసరమైన పది అడుగులకి వేసి తీసెయ్యొచ్చు. హైలక్స్‌లో కంపెనీ నుంచే స్విచ్ లాక్ వస్తది గానీ దాని ధర పెట్టి అల్లం మోసేదెవడు. థార్‌లో కొన్ని వేరియంట్లకి వచ్చే ఈటన్ మెకానికల్ లాకర్ తనంతట తనే పడుద్ది, రెండు చక్రాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే లాక్ అవుద్ది, స్పీడు 30 కిలోమీటర్లు దాటితే పడదు. అంటే ముందు కొద్దిగా తిరగనివ్వాలి, బురదలో ఆ కొద్దిలోనే గుంత ఇంకా లోతవుద్ది. దింపుడు మాత్రం నువ్వు చెప్పినట్టే, లో రేంజ్‌కి బదులు ఏదీ లేదు, దానికి నేను ఒప్పుకుంటాను. కానీ సుంకి ఘాట్ తారు మలుపుల్లో కూడా ఫోర్ బై ఫోర్ వేసుకుని తిరిగే మహానుభావులున్నారు, మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి మలుపులో ముందు వెనక షాఫ్టులు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి, టైర్లు అరుస్తాయి, చివరికి ట్రాన్స్‌ఫర్ కేస్ నా షెడ్డుకి వస్తది. మాకు లాభమే అనుకోండి.

చిత్రకొండ చినబాబు:
టైర్ల గురించి ఒక్కరూ అనరేం? హైవే టైరు గాళ్ళలో ఎర్రమట్టి నిండిపోయాక ఏ లాకరూ ఏం చెయ్యదు. ఇరుక్కున్నప్పుడు హ్యాండ్‌బ్రేక్ రెండు మూడు పళ్ళు లాగి మెల్లగా రేసివ్వండి, తిరిగే చక్రానికి అడ్డు తగిలితే రెండోదానికీ టార్క్ అందుద్ది. కొత్త బండ్లలో ట్రాక్షన్ కంట్రోల్ చేసేదీ ఇదే, కంప్యూటర్ ఒక్క చక్రానికే బ్రేక్ వేస్తాది.

రాయగడ రోడ్లు:
హ్యాండ్‌బ్రేక్ చిట్కా ఖాళీ బండికి సరే. లోడుతో చేస్తే బ్రేకు లైనర్ కాలిన వాసన ఊరంతా వస్తాది.

పొట్టంగి అల్లం:
మాకు లోడు కిందకే, గుణుపూర్ అన్న మాట పట్టింది. బొలెరో క్యాంపర్ ఫోర్ బై ఫోర్ ఒకటి చూశాం, అమ్మేవాడు వెనక లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం ఉత్తినే తిరక్కుండా కొంత అడ్డుకునే డిఫరెన్షియల్) ఉందంటన్నాడు. డిఫరెన్షియల్ హౌసింగ్ విప్పకుండా తెలుసుకోగలమా?

జైపూర్ షెడ్డు:
చదును నేల, ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలబెట్టు, ఒట్టి జాకీ మీద వద్దు. ఇంజిన్ ఆపి, బండి టూ వీల్‌లోనే ఉంచి, గేరులో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దింపి ఒక చక్రాన్ని చేత్తో తిప్పు. రెండోది సులువుగా ఎదురు వైపు తిరిగితే ఓపెన్. బిగుసుకుని తిరగనంటే క్లచ్ రకం లిమిటెడ్ స్లిప్ ఉన్నట్టు, అది అరిగిపోయుంటే ఓపెన్‌లాగే తిరుగుతది. ఈటన్ రకం మాత్రం ఇలా తెలీదు, మెల్లగా తిప్పినప్పుడు అదీ ఓపెన్‌లాగే ఉంటది. అలాగే ఫోర్ ఎల్ లివరు పడుతుందో లేదో మట్టిలో నడిపి చూసుకో, ఏళ్ళ తరబడి వాడని బండ్లలో అది బిగుసుకుపోయుంటది.