అమ్మ కాటన్ చీరలతో బొంతలు కుట్టి ఇద్దామనుకుంటున్నా, ఎవరికిస్తే నిజంగా వాడుకుంటారు?

సఫిల్‌గూడ నుంచి

అందరికీ నమస్తే. మాది మల్కాజిగిరి దగ్గర సఫిల్‌గూడ. మా అమ్మ పోయి మొన్నటికి ఏడాదైంది. ఆమె ట్రంకు పెట్టెలో 41 కాటన్ చీరలున్నాయి, నారాయణపేటవి, మంగళగిరివి, రెండు పోచంపల్లివి, అన్నీ కట్టి కట్టి మెత్తబడినవే. పట్టుచీరలు మేం అక్కచెల్లెళ్లం పంచుకున్నాం, వీటిని మాత్రం ఎవరూ అడగలేదు. మా ఇంట్లో పనిచేసే ఆమెకు ఇవ్వబోతే పాలిస్టర్‌వి ఉంటే ఇవ్వమ్మా, ఉతికితే తొందరగా ఆరతాయి అంది. ఆమె చెప్పిందీ నిజమే.

నాకు కుట్టు వచ్చు, ఉషా మిషను ఉంది. దసరా నుంచి కూర్చుని నాలుగు కుట్టాను. రెండు పసిపిల్లలకని చిన్నవి, యూట్యూబులో చూసి చీరలు ముక్కలుగా కోసి అతికి, మధ్యలో దూది పెట్టి, అంచుకు లేసు వేసి, మూలలకు చిన్న గజ్జెలు కూడా కుట్టాను. ఒక ఆసుపత్రిలో పిల్లల వార్డుకు తీసుకెళ్తే అక్కడి సిస్టర్ చేత్తో తడిమి చూసి చాలా బాగుందమ్మా అంది, కానీ తీసుకోలేదు. పెద్దవి రెండూ ఒక వృద్ధాశ్రమంలో ఇచ్చాను, సంతోషంగానే తీసుకున్నారు. నెల తర్వాత వెళ్తే బీరువా మీద నేను కట్టిన తాడు కూడా విప్పకుండా అలాగే ఉన్నాయి. అడిగితే, ఒకసారి తడిస్తే మూడు రోజులు ఆరడం లేదు, లోపల దూది ఉండలు కడుతుందని భయం, అందుకే తీయలేదు అన్నారు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇంకా 30 చీరలున్నాయి. వీటిని పాడు చేసుకోదలచుకోలేదు. ఏం కుట్టాలి, ఎంత సైజు, ఎవరికివ్వాలి? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

రాత్రి డ్యూటీ

అక్కా, ముందు ఆ సిస్టర్ మీద మనసులో ఏమీ పెట్టుకోకండి. నేను పసిపిల్లల ఐసీయూలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నా, ఆమె స్థానంలో నేనున్నా తీసుకునేదాన్ని కాదు. ఏడాదిలోపు పిల్లలు పడుకునే చోట బొంత, దిండు, మెత్తటి బొమ్మ ఏవీ ఉండకూడదు. ముఖం మీదికి జారితే పక్కకు లాగేసుకునే బలం ఆ వయసులో ఉండదు, ఊపిరాడదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో ఇచ్చిన సూచనల్లో కూడా ఇదే ఉంది. ఇక గజ్జెలు, లేసు, పూసలు, గుండీలు అంటే ఊడితే నేరుగా నోట్లోకే.

గుండీలదాకా ఎందుకు, ఒక్క దారప్పోగు చాలు. ఒకసారి ఒక పాప గుక్కపట్టి ఏడుస్తోంది, పాలు పట్టినా, ఎత్తుకున్నా, గుడ్డ మార్చినా ఆపడం లేదు. చివరికి సాక్సు తీసి చూస్తే లోపల వేలాడుతున్న పోగు కాలి వేలికి మూడు చుట్లు చుట్టుకుని ఉంది, వేలు చింతపిక్కంత ఉబ్బి ఎర్రగా అయిపోయింది. సన్న కత్తెరతో పోగు తెంపేటప్పుడు నా చేతులు వణికాయి. అప్పటినుంచి చేత్తో కుట్టిన ఏ వస్తువొచ్చినా ముందు తిరగేసి లోపలివైపు చూస్తాను.

పిల్లలకే ఇవ్వాలని ఉంటే టోపీలు కుట్టండి. నెలలు తక్కువ పుట్టిన బిడ్డను తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పెట్టుకునే కంగారూ పద్ధతి ఉంది కదా, దాన్ని రోజుకు 8 నుంచి 24 గంటలు, ఎంత వీలైతే అంత చేయించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. అప్పుడు బిడ్డకు ఉండేవి టోపీ, సాక్సులు, డైపరు అంతే. నెలలు నిండిన బిడ్డ తల చుట్టుకొలత 34, 35 సెంటీమీటర్లు ఉంటుంది, మా దగ్గరుండే చిన్నవాళ్లకైతే 28, 30 సైజువి ఎక్కువ కావాలి. చీర గుడ్డ సాగదు, టోపీకి బనియన్ గుడ్డే మంచిది, కుట్టు బయటివైపు రావాలి. మీ అమ్మగారి చీరలు కూడా పనికొస్తాయి, చీరను సగానికి చించి అంచులు మడిచి కుడితే బిడ్డను తల్లికి కట్టి ఉంచే కట్టుగుడ్డ అవుతుంది. అంత మెత్తటి కాటన్ కొత్తది కొన్నా దొరకదు. కాకపోతే ఏది కుట్టినా ముందు వార్డు ఇన్‌ఛార్జిని అడిగి, ఒక్కటి చూపించి, వాళ్లు సరే అన్నాకే మిగతావి కుట్టండి.

ఓరుగల్లు పెద్దమ్మ

బిడ్డా, నువ్వు కుట్టింది రజాయి, బొంత కాదు. బొంతకు దూది ఎందుకు? చీరలే దూది. మా ఊళ్లో కాన్పు అయిన ఇంటికి ఒకటి, ముసలోళ్లకొకటి, మంచానికొకటి అని ఎండాకాలం అంతా మా అత్త వాకిట్లో కూర్చుని కుట్టేది, ఆమె దగ్గరే నేను నేర్చుకున్న. ఇప్పుడు ఉప్పల్‌లో కొడుకు దగ్గర ఉంటున్న, ఈ మాటలు నేను చెప్తుంటే మనవరాలు రాస్తున్నది.

చీరను ముక్కలు చేయకు. ఆరు గజాల చీరను మూడు మడతలు వేస్తే ఒక మనిషి నిడివి వస్తుంది, పన్నా ఎట్లాగూ నాలుగడుగులకు దగ్గర ఉంటుంది, ఒక్క మనిషికి సరిగ్గా సరిపోతుంది. రెండు చీరలంటే ఆరు పొరలు, కప్పుకునేందుకు అది చాలు. పరుచుకునేందుకైతే మూడు చీరలు పెట్టు. చినుగు పట్టినవి లోపలికి పోవాలి, గట్టిగా ఉన్నది పైకి రావాలి. ముందు అన్నిటినీ ఉతికి, తెల్లగుడ్డ తడిపి ఒక్కో చీర మీద అదిమి చూడు, రంగు దిగేది ఉంటే పక్కన పెట్టు, లేకపోతే మొదటిసారి ఉతికినప్పుడే బొంతంతా మరకలైపోతుంది.

డాబా మీద పరిచి నాలుగు మూలలా నీళ్ల చెంబులు పెట్టు. కచ్చా కుట్టు మధ్యలో మొదలుపెట్టి అంచులకు పోవాలి, ముడతలు బయటికి పోతాయి. అంచు కాడ మొదలుపెట్టినవా, ముడతలన్నీ మధ్యకొచ్చి పడుకున్నవాళ్లకు వీపులో గుచ్చుకుంటయి. తర్వాత రెండు వేళ్ల ఎడంతో నిలువు వరసలు కుట్టుకుంటూ పో. మిషను మీదనైతే 16 నంబరు సూది వేసి కుట్టు పొడుగు పెంచు. చీర అంచు చించి పెట్టుకుని దాన్నే చుట్టూ పట్టీగా వెయ్యి. ఇట్లా కుట్టినది పొద్దున ఉతికి ఎండలో వేస్తే సాయంత్రానికి మడతపెట్టొచ్చు.

లెక్క చూసేవాణ్ని

నా మాట కటువుగా ఉంటే సారీ అండీ. ఒక్కో బొంతకు మీకు నాలుగైదు రోజులు పడుతుంది. అదే టైంలో నలుగురి దగ్గర డబ్బులు పోగుచేసి బేగంబజార్‌లో హోల్‌సేల్‌గా కొంటే డజన్ల కొద్దీ దుప్పట్లు వస్తాయి. చలి ఉండేది రెండున్నర నెలలు. అంతలోపు ఎక్కువమందికి చేరాలా, చేత్తో కుట్టిందే చేరాలా? చీరలను శుభ్రంగా ఉతికి గూంజ్ లాంటి సంస్థకు ఇచ్చేయొచ్చు కూడా. 1999 నుంచి వాళ్లు చేసేదే ఈ పని, పాత బట్టలు సేకరించి పల్లెలకు చేరుస్తారు, బాగా అరిగిన వాటిని సుజనీలుగా, అంటే పొరలు వేసిన బొంతలుగా కుట్టిస్తారు.

వరండా మనిషి

బ్రదర్, మీ లెక్క తప్పనను. కానీ ఆ దుప్పట్లు తీసుకున్నవాడిగా ఒక మాట చెప్తాను.

మా నాన్నకు ట్రీట్‌మెంట్ జరిగిన రోజుల్లో డిసెంబరులో 23 రాత్రులు ఆసుపత్రి వరండాలో పడుకున్నా. పేషెంటుకు లోపల మంచం ఉంటుంది, వెంట వచ్చినవాళ్లకు ఏముంటుంది, ఎక్కడైనా అంతే. రాత్రి తొమ్మిదింటికి కార్లలో వచ్చి దుప్పట్లు పంచేవాళ్లు, దేవుడు వాళ్లను చల్లగా చూడాలి, ఆ నెలలో నాకే మూడు వచ్చాయి. మూడూ పలచటి సింథటిక్‌వి. చలి గాల్లోంచి వచ్చేది కొంచెమే, అసలు చలి కింది బండలోంచి వస్తుంది. గ్రానైట్ మీద మూడు దుప్పట్లు పరిచినా తెల్లవారుజామున నడుము కొయ్యబారిపోయేది. పైగా గేటు బయట చలిమంట దగ్గర కూర్చున్న ఒకాయన దుప్పటికి నిప్పురవ్వ తగిలి కరిగి చేతికి అతుక్కుపోయింది. కాటన్ అయితే అట్లా కరిగి అంటుకోదు.

నా పక్కన జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉండేది, ఇంటి నుంచి బొంత తెచ్చుకుంది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, ఇట్లా జరుగు నాయనా అని దాన్ని అడ్డంగా పరిచి నా నడుము కిందికి వచ్చేలా సగం ఇచ్చింది. ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి ఆ రాత్రి నిద్రపోయాను. ఆ బొంతకు పొగ వాసన, కొబ్బరినూనె వాసన, మా ఇంటి వాసనే వచ్చింది.

అందుకని అక్కా, వెంట వచ్చేవాళ్ల కోసం కుట్టండి, కప్పుకోవడానికి కాదు, పరుచుకోవడానికి. పెద్దమ్మ చెప్పిన మూడు చీరలది. రెండు విషయాలు మాత్రం గుర్తుపెట్టుకోండి. పొద్దున ఐదింటికి ఊడ్చేవాళ్లు వచ్చి లేపుతారు, అన్నీ తీసేయాలి, కాబట్టి చుట్టి కట్టుకోవడానికి ఒకవైపు రెండు తాళ్లు కుట్టండి, భుజానికి తగిలించుకునేంత పొడుగు ఉంటే ఇంకా మంచిది. తలవైపు లోపల జేబు పెట్టండి, ఫోను, మందుల చీటీ, నాలుగు డబ్బులు పెట్టుకుని దానిమీదే తల పెట్టుకుని పడుకోవచ్చు. నావి రెండుసార్లు పోయాయి కాబట్టి చెప్తున్నా. రంగు ముదురుగా ఉన్న చీర కిందివైపుకు వేయండి.

ఏఎస్ రావు నగర్ కుట్టు బృందం

మేం అపార్ట్‌మెంట్‌లో ఆరుగురం ఆదివారాలు కూర్చుని కుడతాం. మొదట్లో మేమూ మాకు నచ్చినవి కుట్టి తీసుకెళ్లి వెనక్కి తెచ్చుకున్నవాళ్లమే. ఇప్పుడు ఒక ఖాళీ సంచీ, కొలిచే టేపు పట్టుకుని వెళ్లి, మీ దగ్గర రోజూ తక్కువపడేది ఏమిటి అని అడుగుతాం. మేం ఊహించనివి చెప్తారు. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్లకు గాయం నుంచి నీరు పోవడానికి గొట్టం, దాని చివర బల్బులాంటి డబ్బా ఉంటాయి, కొన్ని రోజులు దాన్ని చేత్తో పట్టుకునో, చీర కుచ్చిళ్లలో దోపుకునో తిరుగుతుంటారు. మెడలో వేసుకునే చిన్న కాటన్ సంచీ కుట్టిస్తే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ఒక్క చీరలో ఎన్ని సంచీలు వస్తాయో చూడండి! కీమోతో జుట్టు ఊడినవాళ్లకు టోపీ కుట్టేటప్పుడు కుట్లు లోపలికి రాకూడదు, తల చర్మం అప్పుడు చాలా సున్నితంగా ఉంటుంది. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లకు చేతులు ఊరికే ఉండవు, చీర కొంగు నలుపుతూనో పక్కగుడ్డ లాగుతూనో ఉంటారు. వాళ్ల ఒళ్లో పెట్టుకోవడానికి జిప్పు, పెద్ద గుండీలు, ముడి వేసే తాడు, రకరకాల అంచులు గట్టిగా కుట్టిన చిన్న గుడ్డ ఇస్తే ఆ చేతులకు పని దొరుకుతుంది. మీ అమ్మగారి నారాయణపేట అంచులు వేళ్లకు బాగా తగులుతాయి, పారేయకండి.

ఇంకొకటి. అమ్మ జ్ఞాపకంగా ఇవ్వడం గురించి మీరు మొహమాటపడుతున్నట్టు అనిపించింది. మన నీలోఫర్ ఆసుపత్రి కూడా ఒక మనిషి పోయిన బాధలోంచే పుట్టింది కదా. ఏడో నిజాం కోడలు నీలోఫర్, తన పరిచారిక కాన్పులో చనిపోతే ఇంకే తల్లికీ అట్లా జరగకూడదని పట్టుబట్టింది, 1953లో ఆసుపత్రి తెరిచారు. మీరు కుట్టేవాటి మూలన అమ్మ పేరు చిన్నగా దారంతో కుట్టండి, ఎవరూ ఏమీ అనుకోరు.

సఫిల్‌గూడ నుంచి

అందరికీ చేతులెత్తి దండం. నిన్న రాత్రి అన్నీ రెండేసిసార్లు చదివి, పొద్దున్నే ఆ వృద్ధాశ్రమానికి వెళ్లి నా రెండు రజాయిలు అడిగి తెచ్చేసుకున్నా. దూది తీసేసి పైగుడ్డలు మళ్లీ వాడతాను. వాళ్లే నన్ను కూర్చోబెట్టి, అమ్మా, మాకు నిజంగా కావలసింది మంచంలోనే ఉండేవాళ్ల కిందకి వేసే గుడ్డలు, రోజుకు ఐదారు మారుస్తాం అన్నారు. మొదటిసారే ఈ మాట అడిగి ఉంటే బాగుండేది.

30 చీరల్లో 18 మంచివి, వాటితో ఆరు పరుపు బొంతలు, తాళ్లు, జేబు పెట్టి. చినుగులున్నవి ఎనిమిది ఆశ్రమానికి నాలుగు పొరల గుడ్డలు. మిగిలిన నాలుగులో రెండు కట్టుగుడ్డలకు, ఒకటి సంచీలకు. ఒక్క చీర, నీలిరంగు మంగళగిరిది, పక్కన పెట్టేశాను. పోయే ముందు వారం కట్టుకున్నది అదే. చెయ్యి రావడం లేదు.

పెద్దమ్మా, ఒక డౌటు. మూడు చీరలంటే తొమ్మిది పొరలు, మా మిషను సూది ఆగిపోతోంది. చేత్తో కుట్టాలా?

ఓరుగల్లు పెద్దమ్మ

చుట్టూ పట్టీ మిషను మీద వెయ్యి, లోపలి వరసలు చేత్తోనే కుట్టు బిడ్డా, పెద్ద సూది, మూడు పోగుల దారం. దారానికి మైనం రాస్తే చిక్కుపడదు. ఆ నీలిచీర ఉండనియ్యి, తొందరేమున్నది. ఆదివారం ఉప్పల్ వస్తే మొదటి బొంత ఇద్దరం కూర్చుని కుడదాం, చెంబులు నా దగ్గర ఉన్నయి.