మూలకణాల వృద్ధి కారకాలతో మల్టిపుల్ స్క్లెరోసిస్ నయమవుతుందా?

ప్రశ్న (అనంతపురం):
మా చెల్లెలికి 29 ఏళ్లు. రెండేళ్ల కిందట ఒక కంటి చూపు మసకబారి, తరువాత కాళ్లు తిమ్మిరెక్కడంతో ఎం.ఆర్.ఐ. తీయించగా మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఒంట్లోని రోగనిరోధక కణాలే నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు) అని తేలింది. మందులు వాడుతూనే ఉంది. ఈమధ్య ఒక ప్రైవేటు క్లినిక్ వారు 2012 నాటి పరిశోధన ఒకటి చూపించి, మూలకణాల నుంచి తీసిన వృద్ధి కారకాలను (కణాలు పెరిగేలా చేసే ప్రొటీన్లను) ఎక్కిస్తే నరాల పైపొర తిరిగి వస్తుందని, 6 లక్షలు అవుతుందని చెప్పారు. నాన్న చీనీ తోట అమ్మడానికి సిద్ధపడుతున్నారు. ఆ పరిశోధన నిజమేనా అండీ?

జవాబు 1 (కర్నూలు, ఫిజియాలజీ అధ్యాపకుడు):
పరిశోధన నిజమే. అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మిల్లర్ బృందం చేసినది. మనిషి ఎముక మజ్జలోని మీసెన్‌కైమల్ మూలకణాలను పెంచి, కణాలను తీసివేసి, మిగిలిన ద్రవాన్ని మాత్రమే ఈ జబ్బును పోలిన స్థితి కల్పించిన ఎలుకలకు ఎక్కించగా అవి కోలుకున్నాయి. ఆ ద్రవంలో పనిచేసినది హెపటోసైట్ గ్రోత్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్. దానిని అడ్డుకుంటే మేలు ఆగిపోయింది, దానినొక్కదానినే ఇచ్చినా మేలు కనిపించింది. పేరు కాలేయానిదే అయినా, ఇది రోగనిరోధక కణాల దాడిని తగ్గిస్తూనే, నరాల పైపొర అయిన మైలిన్‌ను అల్లే ఆలిగోడెండ్రోసైట్ కణాల పెరుగుదలకు తోడ్పడుతుంది. ఎంతో విలువైన ఫలితమిది, నేను తరగతిలో ఇష్టంగా చెబుతాను కూడా.

కానీ అది ఎలుకల ఫలితం. మీసెన్‌కైమల్ కణాలనే 144 మంది రోగులకు ఇచ్చి చూసిన అంతర్జాతీయ ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. ప్రమాదమేమీ కనిపించలేదు గానీ, 24 వారాలకు మెదడులో కొత్తగా వాచే మచ్చలు తగ్గలేదు. కీమోథెరపీతో కలిపి చేసే రక్త మూలకణ మార్పిడి వేరే చికిత్స, దీనితో కలపకండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ జబ్బుకు మీసెన్‌కైమల్ కణాలను అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే వాడాలి, ట్రయల్‌లో చేరిన రోగి దగ్గర అందుకు డబ్బు తీసుకోకూడదు. ఆ క్లినిక్ వారిని ట్రయల్ రిజిస్ట్రీ నంబరు (ట్రయల్‌ను అధికారికంగా నమోదు చేసిన నంబరు) అడగండి. దయచేసి తోట అమ్మవద్దని నాన్నగారికి చెప్పండి.

జవాబు 2 (ప్రొద్దుటూరు):
అన్నా, నాకు ఈ జబ్బు వచ్చి పదకొండేళ్లు. ఏ ఆశ చూపించినా, ఇప్పుడు వాడుతున్న మందు మాత్రం మీ చెల్లెలు మానకూడదు. నేను ఒకసారి మానేసి, మూడు నెలలకే మంచాన పడ్డాను. మన ఎండలకు ఒళ్లు వేడెక్కితే పాత లక్షణాలు తిరగబెట్టినట్లు కనిపిస్తాయి. నాకు మే నెలలో మధ్యాహ్నం వంటింటి గడప దాటడానికి కూడా కాలు లేవదు. మెడ చుట్టూ తడి తువ్వాలు కప్పుకుని అరగంట ఫ్యాను కింద కూర్చుంటే మళ్లీ లేస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు కూడా ఉంది కాబట్టి, సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ నమస్కారాలు. రిజిస్ట్రీ నంబరు అడిగితే క్లినిక్ వారు ఇవ్వలేదు. మీ జవాబులు నాన్నకు చదివి వినిపించాను. తోట బేరం మానుకున్నారు, ఈ సోమవారం చెల్లెలిని న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకువెళుతున్నాము.