సెసమి స్ట్రీట్ ఇంతలా ఎందుకు మారింది? పాపకి పాతవి చూపించాలా, కొత్తవా?

ఎడిసన్_అమ్మాయి

హాయ్ అందరికీ. న్యూజెర్సీలో ఉంటాం. మా పాపకి మూడేళ్ళు నిండాయి, టీవీ అస్సలు పెట్టం అన్న శపథం ఎప్పుడో అటకెక్కింది కాబట్టి పెట్టేదేదో కాస్త మంచిది పెడదాం అని నెట్‌ఫ్లిక్స్‌లో సెసమి స్ట్రీట్ అనే అమెరికా పిల్లల బొమ్మల షో మొదలుపెట్టాం. పాప ఫుల్ హ్యాపీ. సమస్యంతా మా ఆయనతోనే. తను ఇక్కడే పుట్టి పెరిగాడు, ఎనభైల్లో వాళ్ళ అమ్మానాన్న ఇద్దరూ ఉద్యోగాలకి పోతే తనకి ఏబీసీడీలు నేర్పింది ఈ బొమ్మలేనట, ఇప్పుడు పాప పక్కన కూర్చుని రెండు నిమిషాలకోసారి ఇది మా సెసమి స్ట్రీట్ కాదు, ఆ వీధేది, ఆ మనుషులేరి, ఆ పెద్ద పక్షి బొమ్మ బిగ్ బర్డ్ గొంతేంటి ఇలా ఉంది అని ఒకటే గొణుగుడు. నేను గుంటూరులో పెరిగాను, నాకు ఈ షోతో ఏ సెంటిమెంటూ లేదు, చూస్తే అన్నీ ముద్దుగానే ఉన్నాయి.

ఇంతకీ నిజంగా ఏం మారింది, ఎందుకు మార్చారు? పైగా తను ఎక్కడినుంచో మొదటి సీజన్ల డీవీడీలు తెచ్చాడు, పెట్టగానే ఇవి పెద్దవాళ్ళ కోసం, ఇప్పటి చిన్నపిల్లలకి సరిపడకపోవచ్చు అని వార్నింగ్!! పిల్లల షోకి పిల్లలు చూడొద్దని హెచ్చరికేంటండీ బాబూ. చూపించొచ్చా వద్దా?

డబ్బాలో_ఆస్కర్

మీవారిది నా పార్టీయే, ఆయనకి నా నమస్కారం చెప్పండి. ఆ డీవీడీ 2006లో వచ్చింది, వార్నింగ్ చూసి అప్పట్లో అందరం నవ్వుకున్నాం. పాతవాటిలో బిస్కెట్ల పిచ్చి ఉన్న కుకీ మాన్‌స్టర్ బొమ్మ కోటు వేసుకుని పెద్దమనిషిలా కూర్చుని చేతిలో పొగతాగే పైపు పట్టుకుని, ఆఖర్లో ఆ పైపు కూడా తినేస్తాడు, అలాంటివి ఇప్పుడు ఒప్పుకోరుగా. చెత్తడబ్బాలో ఉండే ఆస్కర్ బొమ్మ అయితే మొదటి సీజన్‌లో ఆకుపచ్చ కూడా కాదు, నారింజ రంగు, పాప చూస్తే వీడెవడు అంటుంది.

అసలు మార్పులంటే నా లెక్కలో రెండే. ఒకటి టైము. 1969 నవంబర్ 10న మొదలైనప్పటి నుంచి గంట షో, ఆ గంటలో తీరిగ్గా వీధిలో ఒకడు మెట్లమీద కూర్చుని పాట పాడేవాడు, మధ్యలో ఒక అక్షరం, ఒక అంకె, ఆవు పాలు ఎలా పితుకుతారో ఒక చిన్న ఫిల్మ్, మళ్ళీ వీధి. 2016లో డబ్బు కట్టి చూసే హెచ్‌బీఓ ఛానల్‌కి వెళ్ళాక అది అరగంట అయింది. రెండోది మనుషులు, అంటే వీధిలో ఉండే బొమ్మలు కాని పాత్రలు. బాబ్ మొదటి రోజు నుంచీ ఉన్నాడు, లూయిస్ 1971 నుంచి, గోర్డన్ వేషంలో రోస్కో ఓర్మన్ 1974 నుంచి, వీళ్ళని ఇక రెగ్యులర్‌గా పిలవట్లేదని 2016 జూలైలో బయటపడింది. మారియా అంతకు ముందు ఏడాదే రిటైర్ అయింది. నలభై ఏళ్ళపైన అదే వీధిలో ఉన్నవాళ్ళండీ, లూయిస్ మారియాల పెళ్ళి షోలోనే చూశాం, పాప పుట్టడం చూశాం. ఇప్పుడు ఆలన్, క్రిస్ లాంటివాళ్ళు ఉన్నారు, మంచివాళ్ళే, కానీ ఎక్కువ భాగం ఆ ఎర్ర బొమ్మ ఎల్మోయే. మీ పాపకి ఎల్మో ఇష్టమని నాకు తెలుసు, చెప్పక్కర్లేదు 😀

డబ్బున్న వాళ్ళ ఛానల్‌లో ముందు వేసి, తొమ్మిది నెలల తర్వాత పేదపిల్లలకి ఫ్రీగా పీబీఎస్ అనే పబ్లిక్ ఛానల్‌లో వేయడం అన్నదే నాకు ఎక్కువ కడుపుమంట. ఎవరికోసం పుట్టిన షో అది అసలు.

చేతిబొమ్మ

గొంతు సంగతి నేను చెప్తాను, నాకు ఈ బొమ్మలాట పిచ్చి.

బిగ్ బర్డ్‌ని 1969 నుంచి ఆడించింది కారల్ స్పిన్నీ. ఆస్కర్ కూడా ఆయనే. ఒకే మనిషి ఒకపక్క లోకమంత అమాయకత్వం, ఇంకోపక్క చెత్తడబ్బాలో విసుగు. ఎనిమిదడుగుల రెండంగుళాల పక్షి లోపల ఎలా ఉంటుందో తెలుసా, కుడిచెయ్యి నిట్టనిలువుగా తలపైకి ఎత్తి మెడ గుండా పోనిచ్చి ఆ చేత్తోనే ముక్కు ఆడించాలి, చిటికెన వేలితో చిన్న మీట లాగితే కళ్ళరెప్పలు కదులుతాయి. ఎడమచెయ్యి ఎడమ రెక్కలో. మరి కుడి రెక్కకి చెయ్యి మిగల్లేదుగా, దానికి చేపల గాలం దారం కట్టి మెడకింద నుంచి తెచ్చి ఎడమ మణికట్టుకి తగిలిస్తారు, ఇటు దించితే అటు లేస్తుంది. ఈసారి పాత ఎపిసోడ్ చూసినప్పుడు కుడి రెక్కనే గమనించండి, అది తనంతట తను ఏ వస్తువూ పట్టుకోదు. బయటికేమీ కనపడదు, ఛాతీకి కట్టుకున్న బుల్లి టీవీలో తనని తను చూసుకుంటూ నడవాలి, డైలాగుల కాగితాలు లోపలే అంటించుకోవాలి. ఇది ఆయన ఎనభై దాటేదాకా చేశాడు. 2015లో ఒంటికి బ్యాలెన్స్ సరిగా లేక లోపలికి దిగడం మానేశాడు, గొంతు మాత్రం 2018 దాకా ఇచ్చాడు, 2019 డిసెంబర్‌లో పోయాడు. ఇప్పుడు పక్షి మ్యాట్ వోగెల్, ఆస్కర్ ఎరిక్ జాకబ్సన్.

వోగెల్ నిన్నమొన్న వచ్చినవాడు కాదు, తొంభైల్లోనే స్పిన్నీ దగ్గర చేరి ఏళ్ళతరబడి పక్కనే ఉండి నేర్చుకున్నాడు. మీ ఆయన చెవికి తేడా తెలియడం సహజమే, నాకూ తెలుస్తుంది, గొంతులో ఆ చిన్న వణుకు లేదు. కానీ పాపకి అదే బిగ్ బర్డ్. ఈ బొమ్మల సృష్టికర్త జిమ్ హెన్సన్ 1990లో హఠాత్తుగా పోయినప్పుడు ఆయన ఆడించే ఎర్నీ బొమ్మ ఆగిపోతాడేమో అనుకున్నారు, ఆగాడా? మన తోలుబొమ్మలాటలో తండ్రి తర్వాత కొడుకు తెర వెనక నిలబడితే పాత సుబ్బరాజే కావాలని ఎవరూ అడగరు కదా, బొమ్మ నిలిస్తే చాలు.

రిమోట్_నాదే

ఇక్కడ అందరూ పాతది బంగారం అంటున్నారు కాబట్టి నేను అడ్డం పడతా. ఆస్కర్ గారూ, ఆ వీధి మీరనుకున్నట్టు మొదట్నుంచీ అలా లేదు. ప్రసారానికి ముందు 1969 వేసవిలో ఫిలడెల్ఫియాలో పిల్లలకి శాంపిల్ ఎపిసోడ్లు చూపించి పరీక్ష చేశారు. అప్పటికి వీధిలో మనుషులే, బొమ్మలు వేరే సీన్లలో వేరే, ఎందుకంటే నిజాన్నీ ఊహనీ కలిపితే పిల్లలు తికమకపడతారని సైకాలజీ పండితులు చెప్పారు. తీరా చూస్తే బొమ్మలొచ్చినప్పుడు పిల్లలు కళ్ళార్పకుండా చూడటం, వీధి రాగానే దిక్కులు చూడటం. దాంతో పండితుల మాట పక్కనపెట్టి బొమ్మల్ని వీధిలోకి దించారు, బిగ్ బర్డ్, ఆస్కర్ పుట్టింది అందుకే. అంటే మీరు ప్రాణం పెట్టుకున్న ఆ వీధే ఒక మార్పు.

తర్వాత కూడా అంతే. బిగ్ బర్డ్ నేస్తం స్నఫీ బొమ్మ వస్తే పెద్దవాళ్ళకి కనపడడు, బిగ్ బర్డ్ చెప్తే ఎవరూ నమ్మరు, 1971 నుంచి అదే జోకు. 1985లో దాన్ని ఆపి పెద్దవాళ్ళకి చూపించేశారు, ఎందుకంటే పిల్లలు తమకి జరిగిన చెడు గురించి చెప్తే పెద్దవాళ్ళు నమ్మరేమో అన్న భయం ఈ జోకు వల్ల వస్తుందేమోనని. జోకు పోయింది అని ఏడ్చినవాళ్ళు అప్పుడూ ఉండే ఉంటారు. ఎల్మోస్ వరల్డ్ అనే భాగం 1998లో పెట్టారు, మూడేళ్ళ లోపు పిల్లలు కూడా చూస్తున్నారని తెలిసి. 2017లో ఆటిజం ఉన్న జూలియా బొమ్మని టీవీలోకి తెచ్చారు. మా అక్క కొడుకుకి ఆటిజం, వాడు జూలియా చెవులు మూసుకునే సీన్ చూసి తన చెవులు తను పట్టుకుని చూపించాడు, ఆ ఒక్కదానికి నేను గంట షో వదులుకోడానికి రెడీ.

హెచ్‌బీఓ గురించి కోపం సరే, కానీ డీవీడీలు అమ్ముడుపోవడం తగ్గి డబ్బుల్లేని రోజులవి, ఆ ఒప్పందంతోనే ఏడాదికి 18 ఉన్న ఎపిసోడ్లు 35 అయ్యాయి. లేకపోతే పీబీఎస్‌లోనూ ఏమొచ్చేది?

డబ్బాలో_ఆస్కర్

రిమోట్ గారూ ఫిలడెల్ఫియా సంగతి తెలుసు, జూలియా విషయంలో మీతో వాదన లేదు. అవి పిల్లల కోసం చేసిన మార్పులు. హెచ్‌బీఓది డబ్బు కోసం చేసింది. చివరికి వాళ్ళేం చేశారు? 2022 ఆగస్టులో పాత ఎపిసోడ్లు దాదాపు 200 రాత్రికిరాత్రి తీసేశారు, 2024 చివర్లో కొత్తవి మాకొద్దన్నారు. ఆ తర్వాత వచ్చిన నెట్‌ఫ్లిక్స్ ఒప్పందంలో నాకు నచ్చింది ఒకటే, కొత్త ఎపిసోడ్ అదే రోజు పీబీఎస్‌లో కూడా వస్తుంది, ఎదురుచూపు లేదు. కాకపోతే ఆ పబ్లిక్ ఛానళ్ళకి ఇచ్చే ఫెడరల్ డబ్బు 2025లో కోసేశారు కదా, ఊళ్ళల్లో ఉండే చిన్న స్టేషన్లు ఎన్నాళ్ళుంటాయో చూడాలి.

కూకట్‌పల్లి_పోరడు

అరె మన దేశపు సెసమి స్ట్రీట్, గల్లీ గల్లీ సిం సిం యాదికున్నదా ఎవరికన్నా? 2006ల షురూ అయింది, కార్టూన్ నెట్‌వర్క్, పోగో, దూరదర్శన్‌ల వచ్చేది, హిందీల. మాకు బిగ్ బర్డ్ గిట్ల ఎవడో తెల్వదు, గా జాగల బూంబా అని గులాబీ సింహం, స్కూల్ డ్రెస్ ఏసుకొని చమ్కీ, ఇంగ ఆంచూ అయితే తుమ్మితె చాలు ఇంకో తాన తేలేది, మా చెల్లె ఇంట్ల దొంగ తుమ్ములు తుమ్మి మాయమైనట్టు మంచం కింద దాక్కునేది. దేశానికో తీరు బొమ్మలు మార్చుకున్నరు. దక్షిణాఫ్రికాల 2002లనే హెచ్‌ఐవీ ఉన్న బొమ్మని పెట్టిన్రు, కామీ అని. గిన్ని మారిస్తే ఏం కాలే గని అమెరికల అరగంట తక్కువైతె గింత లొల్లా అన్నా 😂

ఎడిసన్_అమ్మాయి

అమ్మో ఇంత ఉందా దీని వెనక. మా ఆయనకి చదివి వినిపించా, రెక్క దారం దగ్గర నోరు తెరిచాడు, నలభై ఏళ్ళుగా ఎప్పుడూ చూడలేదట. ఆ తర్వాత ఆ డీవీడీ పక్కనపెట్టి, తన దగ్గర హూపర్ గారి ఎపిసోడ్ ఉంది, ఇదొక్కటి పాపతో కలిసి చూద్దాం అంటున్నాడు. అది చావు గురించి అట కదా. మూడేళ్ళ పిల్లకి అవసరమా?

చేతిబొమ్మ

అది 1983 నవంబర్‌లో, థాంక్స్‌గివింగ్ రోజున వేశారు, ఆ రోజైతే పెద్దవాళ్ళు ఇంట్లో పక్కనుంటారు, పిల్లలు అడిగితే జవాబు చెప్తారని కావాలనే. కొట్టు నడిపే హూపర్ వేషం వేసిన విల్ లీ అంతకు ముందు డిసెంబర్‌లో నిజంగానే పోయారు. ఇంకో నటుణ్ణి పెట్టొచ్చు, ఊరెళ్ళాడనొచ్చు, రెండూ చెయ్యలేదు. బిగ్ బర్డ్ అందరి బొమ్మలు గీసి తెచ్చి పంచుతూ హూపర్ గారిది ఆయన వచ్చాక ఇస్తానంటాడు. పెద్దవాళ్ళు ఆయనిక రారని చెప్తారు. మరి నాకు బర్డ్‌సీడ్ మిల్క్‌షేక్ ఎవరు చేస్తారు అంటాడు. ముసలితనం వల్ల, జబ్బు వల్ల, ఆస్పత్రిలో అని ఎక్కడా అనరు చూడండి, అలా అంటే జ్వరమొచ్చిన ప్రతిసారీ పిల్లలు భయపడతారని ఆలోచించి రాశారు. అన్నేళ్ళూ ఆయన పేరు తప్పుగా పలికేవాడు పక్షి, ఇందులో కూడా ఒకసారి తప్పు పలుకుతాడు, ఆ సీన్లో నటుల కన్నీళ్ళు నిజమైనవే.

మూడేళ్ళకి వద్దనే నా అభిప్రాయం. ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్ళు పోయి పాప అడగడం మొదలుపెడితే అప్పుడు దానికి మించింది లేదు.

రిమోట్_నాదే

+1. ఇప్పుడు కొత్తవే పెట్టండి, పదకొండు నిమిషాల కథ ఒకటి, ఎల్మోస్ వరల్డ్, కుకీ మాన్‌స్టర్ ఫుడీ ట్రక్, మూడేళ్ళ బుర్రకి సరిగ్గా సరిపోతాయి. వారానికో పాతది మీ ఆయన కోటా.

డబ్బాలో_ఆస్కర్

వారానికి రెండు. పైపు తినే సీన్ వస్తే నాన్న కళ్ళు మూయాలి, పాపవి కాదు, తనవి, లేకపోతే మా రోజుల్లో అని మళ్ళీ మొదలుపెడతాడు.