ఉగాది వేడుక: హాలులో ఇంటర్నెట్ పంపకం గురించి

సాంకేతిక బృందం నుంచి:
అందరికీ నమస్కారం. డల్లాస్‌లో మనం తీసుకున్న హాలుకు డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) ఉన్నా, అప్‌లోడ్, అంటే ఇక్కడి నుంచి బయటికి పంపే వేగం, 20 మాత్రమే కనుక, చిక్కంతా అక్కడే వస్తుంది. కార్యక్రమం ఉదయం 10 గంటలకు, అంటే ఇండియాలో రాత్రి 8.30కి మొదలవుతుంది, పిల్లల నృత్యాలను అక్కడి అమ్మమ్మలు, తాతయ్యలు ప్రత్యక్ష ప్రసారంలో చూస్తారు. హాలులో నాలుగైదు ఫోన్లు వీడియోలు ఎక్కించడం మొదలుపెడితే చాలు, హాలును బయటి ఇంటర్నెట్‌తో కలిపే మోడెమ్ దగ్గర, వెళ్లాల్సిన డేటా వరుస కట్టి పేరుకుపోయి ప్రసారం ఆగి ఆగి సాగుతుంది, రిజిస్ట్రేషన్ బల్ల మీది కార్డు మెషీన్ కూడా నిలిచిపోతుంది.

అందుకని అప్‌లోడ్‌ను మన రూటర్‌లోనే 18 దగ్గర కట్టడి చేసి, ప్రసారానికి 8, రిజిస్ట్రేషన్‌కు 3, వేదిక వెనుక బృందానికి 3, అతిథులకు 4 చొప్పున హామీ వాటా ఇవ్వాలని నా ప్రతిపాదన. అసలు వేగం కన్నా కొంత తగ్గించి పెడితేనే వరుస మోడెమ్‌లో కాక మన అదుపులో ఉన్న రూటర్‌లో ఏర్పడుతుంది. ఎవరైనా తమ వాటా వాడనంతసేపు అది మిగతావారికి అందుతుంది, వారికి అవసరం రాగానే తిరిగి వారిదవుతుంది. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో హెచ్‌టీబీ అనే వాటాల పంపిణీ పద్ధతి చేసే పని ఇదే. అతిథుల వాటాను మాత్రం కనెక్షన్ల లెక్కన కాక ఫోన్ల లెక్కన పంచాలి. లేకపోతే ఒకేసారి పది కనెక్షన్లు తెరిచిన ఫోనుకు పది వాటాలు పోతాయి. 2018లో లినక్స్ కెర్నల్‌లో, అంటే దాని మూల భాగంలో, చేరిన కేక్ అనే పంపిణీ పద్ధతితో ఇది సాధ్యమే.

రిజిస్ట్రేషన్ బృందం నుంచి:
నాలుగు వందల ఫోన్లు ఒకేసారి వాడితే ఒక్కొక్కదానికి పది కేబీపీఎస్సే (వెయ్యి కేబీపీఎస్‌లు ఒక ఎంబీపీఎస్) దక్కుతుంది కదండీ. ఎవరికీ పనికిరాని ఆ వైఫై తీసేసి, ఆ 4 కూడా ప్రసారానికే ఇస్తే మేలు కాదా?

సాంకేతిక బృందం నుంచి:
దయచేసి తీసేయవద్దు. ఇక్కడ స్థిరపడినవారికి సొంత డేటా ఉంటుంది కానీ, పిల్లల దగ్గరికి కొన్ని నెలలకని వచ్చిన పెద్దవారిలో చాలామందికి వైఫై ఒక్కటే దిక్కు. పార్కింగ్‌లో ఉన్న కొడుకును పిలవాలన్నా వాట్సాప్ కాలే ఆధారం. అలాంటి మాటల కాల్‌కు వంద కేబీపీఎస్ లోపే చాలు కనుక, నలభై కాల్స్ ఒకేసారి నడిచినా 4 సరిపోతుంది. ప్రసారాన్ని 1080పీ వీడియో నాణ్యతలో 6 ఎంబీపీఎస్ వద్ద పంపుతాం, కాబట్టి 8లో దానికి వెసులుబాటు ఉంది. అయితే గాలిలో వైఫై సంకేతాల మధ్య జరిగే తొక్కిసలాటను రూటర్ వాటాలు ఆపలేవు కాబట్టి, ప్రసారపు కంప్యూటర్‌ను వైఫైతో కాక తప్పనిసరిగా కేబుల్‌తోనే కలపాలి.

శుక్రవారం రిహార్సల్‌లో అతిథుల వైఫై మీద పెద్ద వీడియోలు ఎక్కిస్తూ, అదే సమయంలో కార్డు మెషీన్‌లో ఒక డాలరు చెల్లించి చూద్దాం. మీ బృందం నుంచి ఒకరు సాయంత్రం ఆరింటికి మెషీన్ తీసుకుని రాగలరా?