ఖతార్ వర్క్ వీసా రిజెక్ట్ అన్నారు, కాగితం మాత్రం చూపించడం లేదు. ఒమన్‌కి మళ్లీ డబ్బు కట్టాలా?

ముమ్మిడివరం_మావయ్య:
మా మేనల్లుడి విషయమండి. వయసు 26, ఐటీఐ ఎలక్ట్రీషియన్. ఖతార్ కంపెనీ వీసా అని ఊళ్లో ఏజెంటు 70,000 తీసుకున్నాడు. దానికి పైన మెడికల్‌కని ఇంకో 6,000. హైదరాబాద్‌లో ఖతార్ వీసా సెంటర్‌కి వెళ్లి వేలిముద్రలు వేశాడు, రక్తం ఇచ్చాడు, ఎక్స్‌రే తీయించుకున్నాడు. మూడు వారాల తర్వాత వీసా రిజెక్ట్ అని ఫోన్లో చెప్పారు. కారణం చెప్పరు. ఇంకో 40,000 కడితే ఒమన్‌కి పంపిస్తామంటున్నారు. పాస్‌పోర్ట్ ఈసీఆర్, అంటే ఉద్యోగానికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలన్న రకం. పదో తరగతి పాసయ్యాడు గానీ, పాస్‌పోర్ట్ తీసినప్పుడు సర్టిఫికెట్ పెట్టలేదు. ఏం చేయమంటారు?

లంకల_గన్నవరం:
ఆ 40,000 మాత్రం ఇప్పుడు కట్టకండి మావయ్య గారూ. రిజెక్ట్ అయింది ఏ మెట్టు మీదో తేలితే తప్ప తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పలేరు. ఒక మెట్టు మీద ఆగితే కంపెనీ వాళ్లు అక్షరం దిద్దితే సరిపోతుంది, ఇంకో మెట్టు మీద ఆగితే ఏ గల్ఫ్ దేశానికి కట్టినా ఆ డబ్బు గోదాట్లో పోసినట్టే.

మొదటి మెట్టు అక్కడి కార్మిక శాఖ. కంపెనీకి ఫలానా దేశం వాళ్లు ఇంతమంది, ఫలానా పనికి అని ముందే అనుమతి ఇస్తారు. కోటా లేకపోతే వీసా నెంబరే పుట్టదు. మీ వాడికి ఇది దాటింది. ఎందుకంటే వీసా నెంబరు, పాస్‌పోర్ట్ నెంబరు కొట్టకుండా వీసా సెంటర్ అపాయింట్‌మెంట్ రాదు. ఆ రోజు ఇచ్చిన స్లిప్ ఇంట్లో ఎక్కడో ఉంటుంది, వెతికించండి. ఆ రెండు నెంబర్లతో ఖతార్ వీసా సెంటర్ సైట్లో దరఖాస్తు స్థితి మీరే చూడొచ్చు. ఖతార్ హోం శాఖ సైట్లో వీసా విచారణ కూడా ఉంది, దానికి ఏజెంటుతో పని లేదు.

రెండోది వివరాలు. వీసాలో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నెంబరు ఒక్కటి తేడా వచ్చినా ఆగుతుంది. మనవాళ్ల ఇంటిపేర్లతో ఇది మామూలే: పాస్‌పోర్ట్‌లో పూర్తి ఇంటిపేరు, ఆఫర్ లెటర్లో ఒక్క పొడి అక్షరం. దిద్దాల్సింది అక్కడి కంపెనీ, ఇక్కడి నుంచి కుదరదు.

మూడోది కాంట్రాక్ట్. వీసా సెంటర్లోనే తెర మీద చూపించి సంతకం పెట్టిస్తారు. చాలామంది చదవకుండా పెట్టేస్తారు, అదే తప్పు. పని పేరు ఎలక్ట్రీషియన్ అని ఉందా, లేబర్ అని ఉందా చూడాలి. 2021 మార్చి 20 నుంచి అక్కడ కనీస జీతం 1,000 రియాళ్లు. కంపెనీ బస, భోజనం ఇవ్వకపోతే బసకి 500, భోజనానికి 300 అదనం. ఏజెంటు చెప్పిన జీతం అక్కడ కనిపించకపోతే సంతకం పెట్టనని చెప్పే హక్కు కుర్రాడికి ఉంది.

నాలుగోది మెడికల్, నా అనుమానం దీని మీదే. క్షయ, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ చూస్తారు. ఎప్పుడో తగ్గిపోయిన క్షయ మచ్చ కూడా ఎక్స్‌రేలో కనిపిస్తుంది. చాలామంది దెబ్బతినేది దాని దగ్గరే.

చివరిది భద్రతా తనిఖీ. దానికి కారణం చెప్పరు. ఇంతకుముందు ఖతార్‌లో పనిచేసి కేసు గానీ బ్యాంకు బాకీ గానీ వదిలి వచ్చిన వాళ్లకి అక్కడ ఇబ్బంది. మొదటిసారి వెళ్లే వాడికి ఆ లెక్క ఉండదు.

పనిలో పని: ఖతార్‌కి మామూలు మెడికల్, వేలిముద్రల ఖర్చు కంపెనీయే కడుతుంది. ఆ 6,000 దేనికో అడగండి.

పాలకొల్లు_శీను:
పాస్‌పోర్ట్ గురించి నేను చెప్తాను. ఈసీఆర్ ఉన్నవాళ్లు ఈ దేశాలకి ఉద్యోగానికి వెళ్లాలంటే ఈమైగ్రేట్‌లో (విదేశీ ఉద్యోగాలకి వెళ్లేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సైట్) ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే వెళ్లడానికి ప్రభుత్వ అనుమతి, ఉండాలి. లేకపోతే వీసా చేతిలో ఉన్నా ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. క్లియరెన్స్‌తో పాటు ప్రవాసీ భారతీయ బీమా చేయించాలి: రెండేళ్లకి 275, మూడేళ్లకి 375 రూపాయలు. ప్రమాదంలో పోతే ఇంటివాళ్లకి 10 లక్షలు వస్తాయి.

పదో తరగతి సర్టిఫికెట్ పెట్టి పాస్‌పోర్ట్ రీఇష్యూ చేయించుకుంటే ఈసీఆర్ పోతుంది. 36 పేజీల దానికి ఫీజు 1,500. కానీ ఎప్పుడు చేయాలన్నది ముఖ్యం. వీసా నెంబరు పుట్టాక పాస్‌పోర్ట్ మార్చారనుకోండి, వీసా పాత నెంబరు మీద ఉండిపోతుంది, మళ్లీ అంతా మొదటికి వస్తుంది. మీ వాడి చేతిలో ఇప్పుడు నడుస్తున్న వీసా లేదు కాబట్టి ఇదే సమయం. 10వ తరగతి మార్కుల జాబితాలో పేరు, పాస్‌పోర్ట్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉన్నాయా ముందు చూసుకోండి. లేకపోతే ఇదే దరఖాస్తులో సరిచేయించండి.

రాజోలు_రమణ:
డబ్బు సంగతి. లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ తీసుకోగలిగింది ఎక్కువలో ఎక్కువ 30,000, దాని మీద జీఎస్టీ 18 శాతం, అంటే 35,400. రశీదు ఇవ్వాలి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకి చట్టప్రకారం అసలు స్థానం లేదు. ఈమైగ్రేట్ సైట్లో ఏజెంట్ల జాబితా ఉంది, పేరు కొట్టి చూడండి. లైసెన్స్ నడుస్తోందా, గడువు తీరిందా, సస్పెండ్ అయిందా అన్నీ అందులో తెలుస్తాయి.

జాబితాలో ఉంటే ఈమైగ్రేట్‌లోనే ఫిర్యాదు పెట్టి, హైదరాబాద్ ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్‌కి (వలస వెళ్లేవాళ్ల వ్యవహారాలు చూసే కేంద్ర అధికారి) కాపీ పంపండి. లేకపోతే నేరుగా పోలీసు కేసే. మోసం సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 318, జనం ఇంకా పాత 420 అనే అంటారు. స్టేషన్లో తీసుకోకపోతే సోమవారం అమలాపురం ఎస్పీ ఆఫీసులో గ్రీవెన్స్‌కి వెళ్లండి. తీసుకెళ్లాల్సినవి: ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మాటలు, వీసా సెంటర్ స్లిప్. చేతికి నగదు ఇచ్చి ఉంటే ఏజెంటుకి వాట్సాప్‌లో "ఫలానా తేదీన 70,000 ఇచ్చాం, లెక్క చెప్పండి" అని రాయండి. అతను ఏం జవాబిచ్చినా అది సాక్ష్యం అవుతుంది. పాస్‌పోర్ట్ అతని దగ్గరే ఉంటే కేసు కంటే ముందు అది వెనక్కి తీసుకోండి. విదేశాంగ శాఖ ఉచిత నెంబరు 1800 11 3090 కూడా ఉంది.

ముమ్మిడివరం_మావయ్య:
స్లిప్ దొరికిందండి. సైట్లో చూస్తే మెడికల్ దగ్గర అన్‌ఫిట్ అని ఉంది. ఒమన్‌కి ఇంకో చోట మెడికల్ అంటున్నారు, పాసవుతాడా?

లంకల_గన్నవరం:
ఒమన్, కువైట్, బహ్రెయిన్, సౌదీలకి వాఫిద్ మెడికల్, అంటే ఆ గల్ఫ్ దేశాలన్నిటికీ కలిపి ఉన్న ఒకే ఆన్‌లైన్ మెడికల్ పద్ధతి. చోటు మారుతుంది గానీ చూసే జబ్బులు దాదాపు అవే. ఒక్కసారి అన్‌ఫిట్ అని వాఫిద్‌లో పడితే ఆ దేశాలన్నిటికీ కనిపిస్తుంది. అందుకే వాఫిద్ స్లిప్ తీయకముందే కాకినాడ పెద్దాసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించి ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించండి. క్షయ ఉందని తేలితే మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, మామూలుగా 6 నెలల కోర్సు, మధ్యలో మానకూడదు. కుర్రాడి ప్రాణం కంటే వీసా ఎక్కువ కాదు. పాత మచ్చే అయితే డాక్టరు చేత రాయించుకోండి, కానీ మచ్చ ఉన్నంతకాలం ఏ గల్ఫ్ మెడికల్లోనైనా ఫెయిలయ్యే ప్రమాదం ఉందని తెలుసుకుని ఉండాలి. ఎక్స్‌రే శుభ్రంగా ఉండి, రక్తపరీక్షలూ బాగుంటేనే ఒమన్ మాట. అది కూడా ఈమైగ్రేట్ జాబితాలో పేరున్న వాళ్లతోనే.