చిలికా సరస్సులో రంభ ఊరి దగ్గర దీవులకు మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకెళ్లొచ్చా?

అందరికీ నమస్కారం. మాది బరంపురం. ఈ చలికాలంలో డెబ్బై ఏళ్ల మా అమ్మకు చిలికాలోని బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్, బీకన్ ఐలాండ్ చూపించాలని ఉంది. మొదటిదాంట్లో ఖల్లికోట రాజావారి బంగళా శిథిలాలున్నాయి. రెండోదాంట్లో, ఈస్టిండియా కంపెనీ కాలంలో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ రాతిగుట్ట మీద కట్టించిన స్తంభం ఉంది. రైలు రంభ దాటుతుంటే తాతయ్య నీళ్లవైపు వేలు చూపించి ఆ స్తంభం గురించి చెప్పేవాడని అమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది.

టెన్షనంతా పడవ గురించే. నిరుడు చిలికాలోనే ఉన్న కాళీజాయి దీవికి వెళ్లినప్పుడు రేవులో మెట్టుకీ పడవకీ మధ్య జానెడు సందు. పడవ ఊగుతుంటే అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, తన గాజు ఒత్తుకుని నా మణికట్టు మీద ఎర్రగా గీత పడింది. రంభ రేవు కూడా అలాగే ఉంటుందా? దీవుల్లో దిగడానికి మెట్లున్నాయా, లేక నీళ్లలో దిగి నడవాలా? నీడ, టాయిలెట్ ఉన్నాయా? ఎండ ముదరకముందే తిరిగి రావాలంటే ఎన్నింటికి బయల్దేరాలి?

ఈమధ్య పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. దిగడం కుదరకపోతే పడవలోంచే చూపిస్తాను. కానీ ఆ పాత గోడను ఒక్కసారి చేత్తో తాకాలని ఆవిడ కోరిక.