ఇల్లు ఖాళీ చేస్తామని వాట్సాప్‌లో చెబితే చాలదా?

మియాపూర్ మూడో అంతస్తు: 11 నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, మళ్లీ రాసుకోలేదు. నెలనెలా అద్దె వేస్తున్నాను. నెలాఖరుకి ఖాళీ చేస్తామని 3వ తేదీన ఓనర్‌గారికి వాట్సాప్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి. ఇప్పుడేమో నోటీసే ఇవ్వలేదంటూ రెండు నెలల అద్దె అడ్వాన్సులో పట్టుకుంటానంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

నిజాంపేట అక్క: నేనైతే ఓనర్ ఆంటీకి నోటితో చెప్పాను. ‘సరేనమ్మా’ అన్నారు. నెలాఖరుకి అంకుల్ వచ్చి మాకెవరూ చెప్పలేదన్నారు. ఆంటీ పక్కనే నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు! నెల అద్దె పోయింది.

కోర్టు మెట్లు: ముందు అగ్రిమెంటు తీసి చూడండి. నోటీసు గడువు రాసుకుని ఉంటే అదే లెక్క. లేకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 106వ సెక్షన్. నెలవారీ అద్దె ఇంటికి 15 రోజులు, ఓనర్ ఇచ్చినా మీరిచ్చినా అంతే. కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. నోటీసు అందిన రోజు నుంచి లెక్క. గడువు అద్దె నెలతోపాటే ముగియాలని పెద్దవాళ్లు ఇంకా అంటుంటారు, అది 2002 సవరణకి ముందు మాట.

మియాపూర్ మూడో అంతస్తు: అగ్రిమెంటులో నోటీసు మాటే లేదండీ. నిన్న లెటర్ రాసి మా వాచ్‌మన్‌తో పంపాను.

కోర్టు మెట్లు: ఆయన మీ అపార్ట్‌మెంట్ మనిషి, ఓనర్ ఇంటి మనిషి కాదు. ఓనర్ చేతికివ్వాలి, లేదా ఆయనింట్లో కుటుంబసభ్యులకో పనివాళ్లకో ఇవ్వాలి. కాపీ మీద తేదీతో సంతకం తీసుకోండి. పోస్టులో కూడా పంపండి. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, అందినట్టు రుజువు కావాలని కౌంటర్లో అడగండి.

తెనాలి మేనల్లుడు: ఓనర్లకీ తిప్పలే. మా మామయ్య ఖాళీ చేయమని నోటీసిచ్చి, గడువు దాటాక వచ్చిన అద్దె కూడా తీసుకున్నారు. ఇంకేం, నోటీసు వదులుకున్నట్టేనని అవతలి లాయరు పట్టుకున్నాడు. 113వ సెక్షనట.

శాన్‌హోసే బాబాయ్: కొండాపూర్‌లో ఓనర్‌ని, ఇక్కడ అద్దెదారుని. కాలిఫోర్నియాలో నెలవారీ అద్దెకి నేను 30 రోజుల ముందు రాసివ్వాలి. ఏడాది దాటిన అద్దెదారుకి ఓనరైతే 60 రోజులివ్వాలి. కొండాపూర్‌లో మాత్రం తాళం మా బావమరిది చేతికొచ్చాకే నాకు తెలిసింది!

మియాపూర్ మూడో అంతస్తు: అప్‌డేట్. 12న వాళ్లింటికే వెళ్లాను. ఓనర్‌గారు లేరు, కోడలుగారు తీసుకుని కాపీ మీద సంతకం చేశారు. 30న తాళాలిచ్చేటప్పుడు ఆ కాపీ చూపిస్తే రెండు నెలల మాట మళ్లీ ఎత్తలేదు. పెయింటింగ్‌కని ఒక నెల అద్దె మాత్రం పట్టుకున్నారు. అది అగ్రిమెంటులో ఉంది. నోటీసు కోసం వెతుకుతూ ఆ లైను దాటేశాను.